కటౌట్ వెనక సినిమా హాలు

విశాఖపట్నంలో పాత సినిమా హాళ్ల ఫొటోల కోసం వెతుకులాట జగదాంబ జంక్షన్ నుంచి మొదలుపెట్టాం, అందరూ అక్కణ్నుంచే మొదలుపెడతారు కాబట్టి. కూడలికి పేరిచ్చిన హాలు, పక్కనే రమాదేవి, శారద, నాలుగడుగులు వేస్తే లీలామహల్, అలంకార్. చిత్రాలయ ఉన్నచోట ఇప్పుడు మాల్. కాలినడకన ఒక పూటలో అన్నీ చుట్టేయొచ్చు. అలా తిరిగితే దొరికేవి మాత్రం నిన్నామొన్నటి ఫోన్ ఫొటోలే.

హాళ్లకు వెళ్లే వేళ ముఖ్యం. ఆట మొదలవకముందు వెళ్తే మేనేజరు టికెట్ల గొడవలో ఉంటాడు. మ్యాట్నీ పడ్డ అరగంటకి వెళ్లాలి. బుకింగ్ మూసేసి, టీ తెప్పించుకుని తీరిగ్గా ఉంటాడు. అప్పుడు కూడా "పాత ఫొటోలున్నాయా" అంటే లేవనే అంటాడు. ఓపెనింగ్ రోజు ఫొటో, వందరోజుల ఫంక్షన్ ఆల్బమ్, డిస్ట్రిబ్యూటర్ షీల్డు ఇచ్చినప్పటి ఫొటో అని పేరుపెట్టి అడగాలి. అవి ఆఫీసు గోడకి లేకపోతే ఆపరేటర్ గదిలో ఉంటాయి.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వైపు ఒక ముసలి ఫొటోగ్రాఫర్ చెప్పిన మాటతో మా వెతుకులాట దారి మారింది. "థియేటర్నెవుడు తీస్తాడు బాబూ? రీలుకి పన్నెండే బొమ్మలు. కటౌట్‌ని తీస్తాం, పెళ్లిని తీస్తాం. ఎనక గోడ పడితే పడుద్ది." ఆయన చెప్పింది 120 రీలు గురించి, 6×6 సెంటీమీటర్ల నెగటివ్ కెమెరాలో దానికి పన్నెండే. అక్కణ్నుంచి థియేటర్ ఫొటో అని అడగడం మానేశాం. అభిమాన సంఘాల వాళ్లని కటౌట్‌కి దండ వేసినప్పటి ఫొటోలు అడిగాం. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్లలో పెళ్లి ఊరేగింపు ఆల్బమ్‌లు అడిగాం. పార్టీ ఊరేగింపులు, వినాయక నిమజ్జనాలు కూడా పనికొస్తాయి. నాలుగు రోజుల్లో చేతికొచ్చిన మంచివన్నీ ఇలా అంచుల్లో దొరికినవే.

స్టూడియోల్లో ప్రింట్ల కంటే నెగటివ్‌లు అడగడం మేలు. ప్రింటు కొనుక్కున్నవాడితో పోతుంది, నెగటివ్ బటర్‌పేపర్ కవర్లో స్టూడియోలోనే ఉంటుంది. డబ్బా మూత తియ్యగానే వెనిగర్ వాసన కొడితే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ చెడటం మొదలైనట్టే. ఆ కవర్లను మిగతావాటి నుంచి వేరుచేసి, ముందు వాటినే కాపీ తీసుకోవాలి. ఒకసారి మొదలయ్యాక అది ఆగదు, పక్కవాటికీ పాకుతుంది. సముద్రపు తేమలో ఈ పని మరీ తొందరగా జరుగుతుంది.

తేమ చేసే ఇంకో అన్యాయం ఫ్రేముల్లో కనపడుతుంది. అద్దానికీ ఫొటోకీ మధ్య ఖాళీ లేకపోతే పైనున్న జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. ఒక దుకాణంలో మేం వద్దనేలోపే కుర్రాడు లాగేశాడు. హాలు పేరులోని చివరి రెండక్షరాలు అద్దం మీద ఉండిపోయాయి, కాగితం మీద తెల్లటి మచ్చ మిగిలింది. అతుక్కున్నదాన్ని అద్దంతోపాటే కాపీ తియ్యాలి. రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల వాలులో రెండు దీపాలు పెట్టి, కెమెరా ముందు నల్లగుడ్డకి రంధ్రం చేసి కడితే అద్దంలో మన మొహం పడదు.

స్కాన్ చేసేటప్పుడు విడి ప్రింటైతే 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 35 ఎంఎం నెగటివ్‌కి కనీసం 2400. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకోవాలి. స్కానర్ లేనిచోట ట్యాబ్ తెరని తెల్లగా వెలిగించి, ఒక అంగుళం ఎత్తున పాల రంగు యాక్రిలిక్ షీటు పెట్టి, దాని మీద నెగటివ్ ఉంచి తీశాం. షీటుని నేరుగా తెర మీద పెడితే పిక్సెళ్ల గళ్లు బొమ్మలో పడతాయి.

ఏ ఏడాదిదో తేల్చడం దగ్గర ఎక్కువమంది బోల్తాపడతారు. హోర్డింగ్ మీది సినిమాని బట్టి ఏడాది రాసేస్తారు. మాయాబజార్ విడుదల 1957 మార్చి 27. కానీ అది ఎన్నిసార్లు మళ్లీ ఆడిందో మన ఇళ్లలో పెద్దవాళ్లకి తెలుసు. హోర్డింగ్ చెప్పేది ఒక్కటే, ఫొటో అంతకుముందుది కాదని. మిగతా ఆనవాళ్లు చూడాలి. స్టూడియో ముద్రలో 530001 లాంటి పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతి ముద్ర. బండి నంబరు విశాఖ గుర్తు ఏపీ 31తో మొదలైతే 1989కి ముందుది కాదు.

ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో మాత్రం ఫొటోల కోసం కాదు, ప్రకటనల కోసం అడగాలి. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖలోనే. అక్కణ్నుంచి ఏ హాల్లో ఏ ఆట ఆడిందో పాత సంచికల సినిమా ప్రకటనల్లో వెతుక్కోవచ్చు. హోర్డింగ్‌నీ ప్రకటననీ పక్కపక్కన పెడితే ఒక్కోసారి వారం దాకా తేలుతుంది.

ఇంకో దారి సమాచార హక్కు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సు తీసుకున్న ప్రతి హాలుకీ ఫైలుండాలి. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. ఫొటో అడక్కుండా ప్లాను, ఎలివేషన్ డ్రాయింగుల నకలు అడగండి. మన దగ్గరున్న ఫొటోలోని గోడ ఏ హాలుదో వాటితో పోల్చి చెప్పొచ్చు.

చివరి రోజు దొరికింది పోస్ట్‌కార్డు సైజు పెళ్లి ఊరేగింపు. పెట్రోమాక్స్ లైటు వెలుగులో బ్యాండువాళ్లు, వాళ్ల భుజాల మీదుగా ఒక బుకింగ్ కిటికీ. పది రెట్ల భూతద్దం పెడితే బోర్డు చదవగలిగాం: "నేల 31 న.పై." అయిదణాల టికెట్టు నయాపైసల్లోకి మారితే 31.25, పావు వదిలేస్తే 31. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, 'నయా' అనే మాట తీసేసింది 1964లో. కింది హద్దు గట్టిది. పై హద్దు అంత గట్టిది కాదు, బోర్డుకి మళ్లీ రంగెయ్యడానికి ఏ మేనేజరూ తొందరపడడు. హాలు పేరు పెళ్లికొడుకు తలపాగా వెనక పడింది. కవరు మీద మెత్తటి పెన్సిల్‌తో "1957 తర్వాత, కిటికీ పైన మూడు కమానులు" అని రాసి పెట్టుకున్నాం. పెన్నుతో రాస్తే సిరా బొమ్మలోకి దిగుతుంది.