వైరస్ పన్నే ఇంటర్‌ఫెరాన్ ఉచ్చు

మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్ బి18 అనే ప్రోటీన్‌ను కణం బయటికి వదులుతుంది. వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా. కణం మీద ఆ హెచ్చరికను అందుకునే గ్రాహకానికి అది చేరకముందే బి18 దారిలోనే పట్టేస్తుంది. అంతేకాదు, వైరస్ సోకని పక్క కణాల ఉపరితలానికీ అతుక్కుని వాటికి హెచ్చరిక అందకుండా చేస్తుంది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే.

ఇలాంటి గట్టి పట్టును సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్‌తో (చిప్‌కు అతికించిన ప్రోటీన్‌ను మరో ప్రోటీన్ పట్టుకోవడాన్నీ, వదలడాన్నీ కాంతి సాయంతో చూసే పద్ధతితో) కొలిచేటప్పుడు తొందర పనికిరాదు. విడిపోయే రేటు సెకనుకు 0.00001 అయితే, సిగ్నల్ 5 శాతం తగ్గడానికే దాదాపు 85 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకే ఆపేస్తే గీత చదునుగా కనిపిస్తుంది, దాన్నుంచి తీసిన అంకెను నమ్మొద్దు.

రోగనిరోధక కణాలను పిలిచే చిన్న ప్రోటీన్లైన కీమోకైన్లను ఇదే పద్ధతిలో కొలిస్తే ఇంకో చిక్కు. చాలావాటికి ధనావేశం ఎక్కువ, అందుకే రుణావేశమున్న కార్బాక్సీమిథైల్ డెక్స్‌ట్రాన్ పూత పూసిన చిప్‌కే అంటుకుంటాయి. ప్రోటీన్ అతికించని ఖాళీ చానెల్‌లోనూ సిగ్నల్ లేస్తుంటే, ఆ ఆకర్షణ తగ్గేలా బఫర్‌లో ఉప్పును 150 నుంచి 300 మిల్లీమోలార్‌కు పెంచి చూడండి.