కార్బన్ పేపర్ మధ్యలో రెండు నోట్లు

2023లో రాఖీ పండుగకు మహారాష్ట్రలోని భీవండి నుంచి మా మేనత్త కవరు పంపింది. లోపల ఒక రాఖీ, పసుపు కుంకుమ పొట్లం. మనవరాలి చేత ఆ రాఖీ కట్టించుకున్న నాయన సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అక్కకు వెయ్యి రూపాయలు పంపాలెరా" అన్నాడు.

అత్త దగ్గరున్నది బటన్ ఫోను. బావకు ఫోన్‌పే కొడతానంటే నాయన ఒప్పుకోలేదు. "వానికి పంపితే వాని పైసలైతయి. అక్క చేతికి నోట్లు అందాలె."

"అయితే కవర్లో పెట్టి స్పీడ్ పోస్ట్ చేద్దాం" అన్నాను, పెద్ద తెలివైనోడిలా.

"ఒకసారి పోగొట్టుకున్నది సాలదా?"

అప్పుడు నేను మూడో తరగతి. నాయన భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. మా చండూరు వైపు మగ్గం వదిలిన ఇండ్లు భీవండి, షోలాపూర్, సూరత్ పట్టిన రోజులవి. నెలనెలా మనియార్డర్ వచ్చేది. దానికి ఇరవై రూపాయలకు రూపాయి కమీషన్. ఒక నెల ఆ పది రూపాయలు మిగుల్చుకుందామని రెండు వంద నోట్లను కార్బన్ పేపర్ మధ్యలో మడిచి ఉత్తరంలో పెట్టాడు. అట్ల పెడితే వెలుతురుకు పట్టి చూసినా కనబడవని ఖార్ఖానాలో ఎవరో చెప్పారట.

కవరు వచ్చింది. ఒక అంచు మళ్లీ అంటించినట్టు బిరుసుగా ఉంది. అమ్మ విప్పితే ఉత్తరముంది, మడత చెదరకుండా కార్బన్ పేపరుంది. నోట్లు లేవు. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, వేళ్లన్నీ నల్లగయ్యాయి. భీవండికీ చండూరుకూ మధ్య ఎన్ని చేతులు మారిందో, ఎవరినని అడుగుతాం? అసలు సాదా కవర్లో నోట్లు పెట్టడమే రూలుకు విరుద్ధం.

2023 నాటి రూలు ప్రకారం నోట్లే పంపాలంటే ఇన్సూర్ చేయాలి. లోపల ఎంతుందో అంతకూ బీమా కట్టాలి, ఆ మొత్తం కవరు మీద అంకెల్లో, అక్షరాల్లో రాయాలి, అతుకుల మీద లక్క ముద్రలు వేయాలి. ఆ ముద్రకు మన సొంత గుర్తు ఉండాలి. రూపాయి బిళ్లతో నొక్కితే చెల్లదు. ఇదంతా విని నాయన, "లక్క యాడ దొరుకుతదిరా ఇప్పుడు?" అన్నాడు.

చివరికి మనియార్డరే చేశాం. ఇప్పుడది ఎలక్ట్రానిక్. పాత కాగితం మనియార్డర్ 2015లోనే పోయింది. 2023లో ఒకసారికి 5,000 దాకా పంపనిచ్చేవాళ్లు. మన నోట్లు ఇక్కడి గల్లాలోనే ఉంటాయి, కబురు మాత్రం పోతుంది, అక్కడి పోస్టాఫీసు తన గల్లాలోంచి తీసి పోస్ట్‌మ్యాన్ చేత పంపిస్తుంది. దారిలో చింపడానికి ఏమీ ఉండదు. అప్పుడు పది రూపాయలకు వెనకాడిన నాయన, ఈసారి యాభై రూపాయల కమీషన్ కిక్కురుమనకుండా కట్టాడు.

చిక్కు వచ్చింది సందేశం దగ్గర. పాత ఫారం కింద చిన్న కూపన్ ఉండేది. "బియ్యం తెచ్చుకోండి, పెద్దోనికి చెప్పులు కొనుండ్రి" అని నాయన అందులో చీమల బారులా రాసేవాడు. అమ్మ వాటిని ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేది. బాకీ లెక్కలన్నీ వాటి వెనకాలే. ఇప్పుడేమో రెడీమేడ్ వాక్యాల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. కౌంటర్‌లోని అమ్మాయి ఒక్కొక్కటీ చదివి వినిపించింది. నాయనకు ఒక్కటీ నచ్చలేదు. అర్ధరూపాయి పెట్టి పోస్టుకార్డు కొని, అక్కడే బల్ల మీద రెండు వైపులా నింపి డబ్బాలో వేశాడు.

వారం తర్వాత అత్త ఫోన్ చేసింది. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకొని ఐదొందల నోట్లు రెండు చేతిలో పెట్టాడట. కార్డు ఇంకా రాలేదట.

"కమీషన్ యాభై రూపాయలా? ఎందుకు దండగ తమ్మీ, కవర్ల పెడితే అయిపోతుండె గదా!"

నాయన నా వైపు చూసి, "లక్క దొరకలేదక్కా" అన్నాడు.