మినపగింజ మునిగేటన్ని నీళ్ళు

మొన్న ఆదివారం తెల్లవారకముందే విజయవాడ దుర్గాఘాట్‌కి వెళ్ళి స్నానం చేసి, మెట్ల మీద కూర్చుని సంధ్య వార్చుకుంటున్నాను. పక్క మెట్టు మీదకి ఒక అబ్బాయి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, మెళ్ళో కొత్త జంధ్యం. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, అందులో మంత్రాలు వస్తుంటే వాటి వెంట తనూ చేస్తున్నాడు. దానికి నేనేమీ అనను. ఇంట్లో నేర్పే పెద్దలు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు, ఆ మాత్రం శ్రద్ధ ఉన్నందుకు సంతోషించాను. కానీ ప్రాణాయామం దగ్గర ముక్కు ఇలా పట్టుకుని అలా వదిలేశాడు. ప్రాశనం దగ్గర, అంటే మంత్రం చెప్పి అరచేతిలో నీళ్ళు తాగే చోట, ఫోన్ ఇంకా 'సూర్యశ్చ మా మన్యుశ్చ' అంటుండగానే నీళ్ళు మింగేసి టైం చూసుకున్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. సంధ్య మొత్తంలో నాకు బాగా దగ్గరైన చోటు అదే. అక్కడే పరుగెత్తితే ఇంక ఎక్కడ ఆగుతాం?

అరచెయ్యి గోకర్ణంలా వంచి, అందులో మినపగింజ మునిగేటన్ని నీళ్ళు పోసుకుంటాం. ఉద్ధరిణె కూడా నిండని నీళ్ళు. అవి పట్టుకుని పొద్దున మనం అనే మాటలు ఒకసారి నెమ్మదిగా చదవండి:

సూర్యశ్చ మా మన్యుశ్చ మన్యుపతయశ్చ మన్యుకృతేభ్యః
పాపేభ్యో రక్షంతాం
యద్రాత్ర్యా పాపమకార్షం
మనసా వాచా హస్తాభ్యాం
పద్భ్యాముదరేణ శిశ్నా
రాత్రిస్తదవలుంపతు
యత్కించ దురితం మయి
ఇదమహం మామమృతయోనౌ
సూర్యే జ్యోతిషి జుహోమి స్వాహా

రాత్రి మనసుతో ఏం చేశాను, మాటతో ఏం చేశాను, చేతులతో, కాళ్ళతో, కడుపుతో ఏం చేశాను. ఆ తరువాతి అవయవం పేరు కూడా వేదం దాచకుండా చెప్పింది. పైనుంచి కింద దాకా ఒక్కటీ వదలకుండా తడుముకోవడమే ఇది. ఇప్పుడు ఊరంతా హెల్త్ చెకప్ ప్యాకేజీలు. ఏడాదికోసారి పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చి రిపోర్టు తెచ్చుకుంటున్నాం. మంచిదే, నేనూ చేయించుకుంటాను. మన పెద్దలు రోజుకు రెండుసార్లు చేసుకోమన్న చెకప్ మాత్రం నోట్లో మంత్రంగా ఉండిపోయింది, చూసుకునేవాడు లేడు.

నాకు ఇది నేర్పింది మా నాన్నగారు. గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్ళం. ఒడుగైన కొత్తలో పొద్దున్నే పెరట్లో ఆయన పక్కన పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆయన కోపిష్ఠి. ఒకనాటి రాత్రి ఎక్కాలు అప్పజెప్పలేదని నన్ను బాగా కొట్టారు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే చేతిలో నీళ్ళు పోసుకుని మొదలుపెట్టారు. 'మనసా వాచా హస్తాభ్యాం' అని ఆగిపోయారు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఆయన కదల్లేదు. నేను ఆయన మొహంలోకి చూస్తే నెమ్మదిగా అన్నారు: "రాత్రి నీ మీద చెయ్యి చేసుకున్నా కదరా. హస్తాభ్యాం దగ్గర అది అడ్డం పడుతోంది." మళ్ళీ నీళ్ళు పోసుకుని మొదటి నుంచి చెప్పారు.

ఆ తరం తండ్రులు కొడుకుని క్షమించమని అడగరు. కానీ ఆ పొద్దున ఆయన అడిగారనే ఇప్పటికీ నా నమ్మకం.

ఇక 'మన్యు' అన్న మాట. మన్యువంటే కోపం. పాపాలన్నిటిలో కోపాన్నే ఏరి, మొదటి పాదంలోనే మూడుసార్లు ఎందుకు పలికించారు? కామం ఉంది, లోభం ఉంది, వాటి పేరెత్తలేదు. ఇంకో వింత చూడండి. కోపం వల్ల చేసిన పాపాల నుంచి కాపాడమని ఎవరిని అడుగుతున్నాం? సూర్యుణ్ణి, ఆ వెంటనే మన్యువునే. తప్పు చేయించిన కోపాన్నే కాపలా కాయమంటున్నాం! మొదట్లో నాకిది అర్థం కాలేదు. తరవాత రుద్రం చెప్పుకుంటుంటే తట్టింది. రుద్రంలో మొదటి భాగం నమకం, అది మొదలయ్యేదే 'నమస్తే రుద్ర మన్యవే' అని కదా. శివుడికన్నా ముందు ఆయన కోపానికి దణ్ణం. ఋగ్వేదం పదో మండలంలో మన్యువుకి ఏకంగా రెండు సూక్తాలున్నాయి, 83, 84. అంటే మన్యువు పారేయాల్సిన చెత్త కాదు, దేవత. లోపల ఉన్న వేడి అది. ఆ వేడితోనే అన్నం అరుగుతుంది, ఆ వేడితోనే అన్యాయాన్ని ఎదిరిస్తాం. పట్టు తప్పితే ఇంట్లోవాళ్ళ మీద పడేదీ ఆ వేడే. 'మన్యుపతయః' అంటే మన్యువుకి అధిపతులైన దేవతలని పెద్దలు చెబుతారు. నాకు మాత్రం ఆ మాట దగ్గర, కోపం వచ్చినా దాన్ని చేతిలో పట్టుకోగలిగిన మా అమ్మలాంటివాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళు నన్ను కాపాడాలని కోరుకుంటాను.

నా కోపం సంగతీ చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ అంతా మునిగింది. మేము పైఅంతస్తులో ఉంటాం కాబట్టి ప్రాణానికి భయం లేదు, కానీ కరెంటు లేదు, తాగడానికి రెండు బిందెలే మిగిలాయి. మర్నాడు పోలాల అమావాస్య. పూజకి కంద మొక్క ఎక్కణ్ణించి వస్తుంది? మా ఆవిడ గోడ మీద పసుపుతో మొక్క గీసి దణ్ణం పెట్టుకుంది. నాలుగోరోజుకి బిందెలు ఖాళీ. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, ఆచమనానికి మాత్రం మినపగింజ మునిగేటన్ని లేవు.

ఆ పొద్దున ఒక కుర్రాడు ఛాతీ లోతు నీళ్ళలో ట్యూబు తోసుకుంటూ మా సందులోకి వచ్చాడు. ట్యూబు మీద పాలపాకెట్లు, మంచినీళ్ళ బాటిళ్ళు. "బాబాయ్, తాడు వదలండి" అన్నాడు. నేను బకెట్టు కిందికి వదులుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడా రావడం, మేం మనుషులం కామా, ఫోటోలు దిగడం అయ్యాక వచ్చారా అని. వాడు ఎవరు పంపితే వచ్చాడో, అసలు ఎవరూ పంపకుండానే వచ్చాడో నాకు తెలీదు. బాటిళ్ళు బకెట్టులో పెట్టి, "పైకి లాగండి బాబాయ్, చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు. అప్పుడు చూశాను ఆ వేళ్ళు. నీళ్ళకి నాని నాని తెల్లగా పాలిపోయి, చివర్లు ముడతలు పడి ఉన్నాయి.

ఆ సాయంత్రం అవే బాటిల్ నీళ్ళు నా అరచేతిలో. 'అగ్నిశ్చ మా మన్యుశ్చ' అని మొదలుపెట్టాను. 'యదహ్నా పాపమకార్షం మనసా వాచా...' అక్కడ గొంతు పట్టేసింది. మా నాన్నగారికి హస్తాభ్యాం దగ్గర అడ్డం పడినట్టు నాకు వాచా దగ్గర పడింది. ఎవర్ని తిట్టానో వాడు మోసుకొచ్చిన నీళ్ళతోనే శుద్ధి చేసుకుంటున్నాను.

నీళ్ళు తీశాక డాక్టరుకి చూపించుకుంటే బీపీ 160 దాటింది. మాత్ర రాసి, మిషను కొనుక్కుని పొద్దునా సాయంత్రం చూసుకోమని, పుస్తకంలో రాసుకోమని చెప్పారు. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టులో 31 ఏళ్ళు చిట్టా రాసినవాణ్ణి, రాయడం నాకు కొత్త కాదు. లాంగ్‌బుక్కులో గళ్ళు గీశాను. రెండు పూటలూ బీపీ అంకెలు. వాటి పక్కన ఇంకో అయిదు గళ్ళు కూడా గీశాను: మనసు, మాట, చేతులు, కాళ్ళు, కడుపు. సంధ్య అయ్యాక పీట మీద నుంచి లేవకుండా, ఏ గడిలో తప్పు జరిగిందో అక్కడ చుక్క. వివరం రాయను, చుక్క చాలు.

నాలుగు నెలలు రాసేసరికి నన్ను నేను ఎప్పుడూ చూసుకోనంతగా చూసుకున్నాను. మాట గడిలో చుక్క పడ్డ రోజు సాయంత్రం పై అంకె ఎక్కువే ఉండేది. కాళ్ళ గడి ఖాళీగా ఉంటే మంచిదనుకునేవాణ్ణి. ఒకరోజు గుంటూరులో మంచం పట్టిన మా మేనత్తని చూడ్డానికి మూడు నెలలుగా వెళ్ళలేదని గుర్తొచ్చింది. విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరం? వెళ్ళకూడని చోటికి వెళ్ళడమే కాదు, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకపోవడమూ పద్భ్యాంలోకే వస్తుంది. ఆ రోజు చుక్క పెట్టాను. పొద్దున్నే బస్సెక్కాను. మాత్ర మాత్రం ఒక్కరోజూ మానలేదు, మంత్రం ఉంది కదా అని మందు మానమని ఎవరికీ చెప్పను.

మధ్యాహ్నం మంత్రం చాలామంది వదిలేశారు. 'ఆపః పునంతు పృథివీం' అని మొదలయ్యే ఆ మంత్రంలో 'యదుచ్ఛిష్టమభోజ్యం' అని ఉంది. ఎంగిలి తిన్నా, తినకూడనిది తిన్నా ఈ నీళ్ళు శుద్ధి చెయ్యాలని. అభోజ్యమంటే ఏవో నిషిద్ధ పదార్థాలని చదివేసి ఊరుకుంటాం. మా గుంటూరు వాళ్ళకి కంచంలో కారం లేకపోతే ముద్ద దిగదు. కానీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాక నా ఒంటికి ఆవకాయే అభోజ్యం. ఎవరి ఒంటికి ఏది పడదో అది వాళ్ళకి అభోజ్యమని నేను చదువుకుంటాను. అదే మంత్రం చివర 'అసతాం చ ప్రతిగ్రహం' అని కూడా ఉంది. తీసుకోకూడని వాళ్ళ చేతినుంచి తీసుకున్నది. డబ్బు లావాదేవీల మధ్య బతికినవాడికి ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున 'సూర్యే జ్యోతిషి' అంటాం, సాయంత్రం 'సత్యే జ్యోతిషి' అంటాం. ఈ తేడా మీద నేను ఎన్ని సాయంత్రాలు గడిపానో! పొద్దున ఎదురుగా సూర్యుడున్నాడు, అన్నీ కనిపిస్తాయి. సాయంత్రం ఆయన వెళ్ళిపోయాడు. ఇక వెలుగంటూ ఉంటే అది మనం దాచకుండా ఒప్పుకున్న నిజమే. చీకటి పడ్డాక చూసుకునే లెక్క దొంగలెక్క అయితే మనకింక ఏ వెలుగూ లేదు. 'ఇదమహం మాం' అన్న మాట చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి. పాపాన్ని ఒక్కదాన్నే కాదు, 'నన్ను' కూడా హోమం చేస్తున్నాను అంటున్నాం. తప్పు వేరు, నేను వేరు అని తప్పించుకునే దారి లేదు. అలాగని జీవితాంతం కుమిలిపొమ్మనీ లేదు. 'రాత్రిస్తదవలుంపతు', ఆ రాత్రే దాన్ని తుడిచెయ్యాలి. కొట్టులో గల్లా, చిట్టా ఏ రోజుకారోజు సరిచూసి కట్టేసేవాళ్ళం. నిన్నటి తేడా ఇవాళ్టికి తెస్తే నెల తిరిగేసరికి ఎవరికీ అంతుపట్టదు. మనసులో టెన్షన్లు కూడా అలా పోగుపడ్డవే. పదేళ్ళ కిందటి మాటలు ఇంకా మోస్తున్నాం.

ఒకటి చెప్పాలి. మంత్రం ఒడుగైనవాళ్ళదే కావచ్చు, లెక్క అందరిదీ. మా ఆవిడ సాయంత్రం తులసి కోట దగ్గర దీపం పెట్టి, దాని ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడుతుంది. ఏం అనుకుంటావని అడిగితే, "ఇవాళ ఎవర్ని నొప్పించానా అని" అంది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నాయనలారా, దయచేసి ఆ నీళ్ళు గబుక్కున మింగకండి. ఆఫీసుకి ఆలస్యమైతే గాయత్రి జపం పదిసార్లకి తగ్గించుకోండి, తప్పు లేదు. అక్కడ మాత్రం ఆగండి. ఒక్కో అవయవం పేరు దగ్గర ఒక్క ఊపిరి తీసుకోండి. వేళ్ళ సందుల్లోంచి కారిపోతే మళ్ళీ పోసుకోండి, కృష్ణలో నీళ్ళకేం తక్కువ? ఆ ఆదివారం పక్క మెట్టు మీది అబ్బాయితో ఈ మాట ప్రేమగా చెప్పాల్సింది. చిరాకు పడి ఊరుకున్నాను. ఆ సాయంత్రం మనసు గడిలో చుక్క పెట్టాను.

మాట గడిలో ఆ సెప్టెంబరు చుక్క మాత్రం ఇంకా చెరగలేదు. పగటి తప్పుని ఆ పగలే తుడిచేస్తుందని సాయంత్రం మంత్రం చెబుతున్నా, "ముందు మీరు ఆ పిల్లాడితో చెప్పండి, తరవాత అమ్మవారితో చెబుదురు గాని" అంటుంది మా ఆవిడ. పేరు తెలీదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా టీకొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళ మొహాల్లోకి చూస్తాను. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఆ వేళ్ళు గుర్తున్నాయి.