తుంబురు తీర్థానికి సంచి సర్దుకున్నప్పుడు

తిరుమలలో తుంబురు తీర్థ ముక్కోటి, అంటే అడవిలోని ఆ తీర్థానికి భక్తులు నడిచిపోయే పండుగ, మార్చిలోనో ఏప్రిల్‌లోనో వచ్చే పున్నమికి జరుగుతుంది. అప్పటికే తిరుపతిలో ఎండ మాడు పగలగొడుతుంటుంది. పాపవినాశనం దాకా బస్సు ఉంటుంది, అక్కడి నుంచి అడవిలో నడక. ఎక్కాలి, దిగాలి, బండల మీద చూసి చూసి కాలు పెట్టాలి. ఆఖర్న కొండ రెండుగా చీలిన చోట నీళ్లలో దిగి పోవాలి. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఆ దారిలో అడుగు పెట్టకూడదు కాబట్టి ఈ పున్నమి కోసం మా ఇంట్లో ఏడాదంతా కాచుకుని ఉంటాం. ఈసారి నేను, తమ్ముడు, పెదనాన్న కూతురైన చెల్లెలు బయల్దేరాం. సంచులు సర్దే పని నాది.

మా మేనత్త వయసులో ఉండగా ఈ దారి నడిచిన మనిషి. ఇప్పుడు బీపీ ఉంది. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ నడకకు రావద్దని దేవస్థానం ముందే చెబుతుంది. అందుకని ఆమె ఇంట్లోనే ఉండి, నేను ఒక్కొక్కటీ మంచం మీద పరుస్తుంటే పక్కన కూర్చుని చూసింది. ఆమె అడిగిన మొదటి మాట, "నీళ్లు ఎన్ని ఎత్తుకుంటాండారు?"

నేనూ జాబితాలో మొదట రాసుకుంది నీళ్లే. మనిషికి మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే నడకకు సంచి బరువు మన ఒంటి బరువులో పదో వంతు దాటకుంటే మంచిది. నేను అరవై కిలోలు, కాబట్టి నా సంచి ఆరు కిలోలు. అందులో సగం నీళ్లకే పోయింది. సంచి సొంత బరువు, సీసాలు, తిండి, బట్టలు, మందులు అన్నీ మిగిలిన మూడు కిలోల్లో ఇమడాలి. ఈ లెక్క ముందు వేసుకుంటే ఏది వద్దో తేల్చడం చాలా సులువు. తమ్ముడు కెమెరా స్టాండు, పాటలు పెట్టే స్పీకరు తెచ్చి మంచం మీద పెట్టాడు. "వీటికి బదులు నీ నీళ్లలో ఎన్ని తగ్గిద్దాం?" అని అడిగాను. వాడే రెండూ తీసి బీరువాలో పెట్టేశాడు.

తిరుమల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, కాబట్టి స్టీలువి కావాలి. చల్లదనం నిలిపే రెండు పొరల సీసాలు బరువు. ఒంటి పొర సీసాలు కొని, వాటికి తడిగుడ్డ చుట్టాం. గాలి తగిలేకొద్దీ నీళ్లు చల్లగానే ఉంటాయి.

తిండి దగ్గర కాసేపు వాదన నడిచింది. నడకకు బలమని తమ్ముడు ఉడకబెట్టిన గుడ్లు అన్నాడు. "కొండకు గుడ్లేందిరా! అలిపిరి చెకింగ్‌లోనే తీసి పారేస్తారు" అని అత్త గదమాయించింది. ఆమె చెప్పినట్టే పెరుగన్నం కలిపాం. అన్నం మెత్తగా వండి, చల్లారాక కాచిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క చెంచా మాత్రం వేయాలి. దారిలో అది తనంతట తాను తోడుకుంటుంది, మధ్యాహ్నం మూత తీసేసరికి పులుపెక్కకుండా కమ్మగా ఉంటుంది. నడుస్తూ నమలడానికి బొరుగులు, వేయించిన శెనక్కాయ పప్పులు, బెల్లం ముక్కలు గుడ్డసంచుల్లో పోసుకున్నాం. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తిండి చేతిలో పట్టుకుని పోవద్దు. పాపవినాశనం దగ్గర కోతులకు చేతిసంచి కనబడితే చాలు, లాక్కుపోతాయి. అన్నీ వీపు సంచి లోపలే ఉండాలి.

బూట్లు మాత్రం నేను ఎక్కడా రాజీపడను. గాంధీరోడ్డులో సాయంత్రం పూట కొన్నాం. పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, నడకలోనూ అట్లాగే ఉబ్బుతుంది కాబట్టి ఆ కొలతకే కొనాలి. ముందు బొటనవేలు బూటుకు తగలకూడదు, వెనక మడమ లేవకూడదు. శేషాచలంలో చాలా బండలు గట్టి క్వార్ట్‌జైట్ రాయి. పొడిగా ఉంటే కాలు బాగా పడుతుంది, నీళ్లూ పాచీ చేరితే జర్రున జారుతుంది. అందుకే అడుగున గాట్లు లోతుగా ఉన్న రబ్బరు బూట్లు చూసుకున్నాం. కొత్త బూట్లతో నేరుగా అడవికి పోకుండా పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీలో నడకకు వాటినే తొడిగాం. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, ఆ తడికే బొబ్బలు లేస్తాయి. నైలాన్ కలిసినవి తీసుకుని, ఒక జత అదనంగా పెట్టుకున్నాం. జీన్స్ కూడా అంతే, తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి. నూలుగుడ్డ పనికొచ్చేది మెడకు చుట్టుకునే తువ్వాలుకే. అది తడిపి వేసుకుంటే ఎండలో ప్రాణం లేచొస్తుంది.

సంచి నిండాక శ్రీవారి మెట్టు దారిలో మోసి చూశాం. 2,388 మెట్లు. కింద దేవస్థానం లగేజీ కౌంటరు ఉంది, సామాను ఇస్తే వాళ్లే పైకి చేరుస్తారు. మేం ఇవ్వలేదు. మెట్ల మీద చెప్పులు వేసుకోం కాబట్టి అక్కడ పరీక్ష సంచికే, బూట్లకు కాదు. సగం ఎక్కేసరికి చెల్లెలి సంచి వెనక్కి లాగుతోంది. పక్కన ఆపి విప్పి మళ్లీ సర్దాం. బట్టలు అడుగున, నీళ్ల సీసాలు వీపుకు ఆనుకుని నడిమధ్యన, తరచూ తీసేవి పైన. నడుం పట్టీ తుంటి ఎముక మీద బిగించాక భుజాల మీది బరువు దిగిపోయింది. ఇంట్లో అద్దం ముందు ఎంతసేపు నిలబడినా ఇది తెలియదు, మెట్లెక్కితేనే తెలుస్తుంది.

కత్తి, కొడవలి, అగ్గిపెట్టె వద్దే వద్దు. అది ఎర్రచందనం అడవి, కొడవలితో కనబడితే ఎవరైనా అనుమానిస్తారు. ఎండాకాలం ఆకంతా ఎండి ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి తగలబడితే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. మొక్కుకని కర్పూరం వెలిగించే పనైనా గుడి దగ్గర చూసుకోవాలి, అడవిలో కాదు. కర్ర మాత్రం తప్పక ఉండాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపాపను చంపేశాక నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు. తుంబురు దారిలో కర్ర నీళ్ల లోతు చూడటానికీ, తడిబండ మీద నిలదొక్కుకోవడానికీ పనికొస్తుంది. అత్త తన వెదురుకర్ర తెచ్చి నా చేతికిచ్చింది.

మందుల సంచి చిన్నదే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టరు టేపు, క్రేప్ బ్యాండేజీ, గాయానికి పూసే మందు, పిన్నీసులు. ఓఆర్ఎస్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపి తాగితే మేలు కన్నా కీడే ఎక్కువ. అడవిలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, ఎన్నింటికి తిరిగొస్తామో అత్తకు చెప్పి బయల్దేరాం.

దారిలో మొదట పనికొచ్చింది టేపే. దిగుడులో చెల్లెలు "అక్కా, మడమ మండుతాంది" అంది. వెంటనే ఆపాం. బండ మీద కూర్చోబెట్టి బూటు విప్పి చూస్తే మడమ మీద రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కందింది, ఇంకా బొబ్బ కట్టలేదు. చెమట తుడిచి, గాలికి ఆరనిచ్చి, ముడత పడకుండా టేపు అంటించి, పొడి మేజోళ్లు తొడిగాం. మంట పుట్టగానే చెప్పాలని ముందే ఒప్పందం చేసుకున్నాం కాబట్టి తను మొహమాటపడలేదు. బొబ్బ పగిలాక చేసేదేమీ లేదు, నొప్పితోనే వెనక్కి నడవాలి.

తీర్థం దగ్గర నీళ్లలో దిగేముందు ఫోన్లు, పొడి బట్టలు డబ్బాల్లో పెట్టి మూతలు బిగించి సంచి పైభాగంలో పెట్టాం. బూట్లు విప్పలేదు. తడిసినా సరే, ఆ బండల మీద ఒట్టి కాళ్లతో పోవడం కన్నా అదే నయం. నీళ్లు పాపవినాశనం తిరిగి చేరేసరికి ముగ్గురికీ అడుగంటాయి, మూడు లీటర్లకు తగ్గించకూడదని అక్కడ రుజువైంది.

ఇంటికొచ్చాక బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాం, ఎండలో పెడితే అడుగు ఊడుతుంది. సంచిలోంచి వాడకుండా బయటికి వచ్చింది క్రేప్ బ్యాండేజీ ఒక్కటే. అది మళ్లీ మందుల సంచిలోకే పోయింది, ఎందుకంటే వానలు పడ్డాక తలకోన పోవాలని తమ్ముడు పట్టుబడుతున్నాడు. అక్కడికి నీళ్లు కొంచెం తగ్గించి, ఆ బరువులో వానకోటు, సంచికి తొడిగే కవరు పెట్టుకోవాలి.