బొగ్గు తవ్వినవాళ్ళ సద్ది

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో బాయి, అంటే బొగ్గు గని, దిగిన మనిషి. నేనిప్పుడు బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో, స్వాన్సీ నగరానికి ఎగువన ఉన్న ఒక లోయలో, ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసా తెరిచాక వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ లోయల్లో ఒకప్పుడు ఎటు చూసినా బొగ్గు గనులే. నేను చూసుకునే తాతల్లో కొందరు బాయి దిగినవాళ్ళు, బామ్మల్లో చాలామంది వాళ్ళకు సద్ది కట్టినవాళ్ళు.

ఇంటికి ఫోన్ చేస్తే అందరూ మందుల గురించి, స్నానాలు చేయించడం గురించి అడుగుతారు. నిజానికి షిఫ్టులో ఎక్కువసేపు గడిచేది తిండి దగ్గరే. పొద్దున పారిడ్జ్ అనే ఓట్స్ జావ, పదకొండుకు టీ, మధ్యాహ్నం భోజనం, మూడింటికి మళ్ళీ టీ, ఐదింటికి సాయంత్రపు తిండి. ఎవరు ఎంత తిన్నారో, ఎన్ని మిల్లీలీటర్లు తాగారో చార్టులో రాయాలి. ఒక మనిషి తినడం తగ్గించాడంటే అందరికీ టెన్షనే. బరువు పడిపోతుంది, పుండ్లు మానవు, లేచి నిలబడే బలం పోతుంది. అందుకే వీళ్ళు చిన్నప్పుడు ఏం తిని పెరిగారో తెలుసుకోవడం నా పనిలో భాగమైంది. ఇక్కడి తిండి చప్పన అని మనవాళ్ళు కొట్టిపారేయడం తరచూ వింటుంటాను. నేను ఒప్పుకోను.

మా హోమ్‌లో ఒక తాత తన గది కిటికీ దగ్గర రేకు డబ్బా పెట్టుకున్నాడు. ఒక చివర తిన్నగా, ఇంకో చివర గుండ్రంగా, సరిగ్గా బ్రెడ్డు ముక్క ఆకారంలో ఉంటుంది. టామీ బాక్సు అంటారు. గనిలో ఎలుకలు తెరవలేకుండా మూత బిగుతుగా దిగుతుంది. నీళ్ళకో చల్లటి టీకో వేరే రేకు సీసా, దాని పేరు జాక్. బాపు కూడా సద్ది డబ్బాను ఎలుకలకు అందకుండా పైన వేలాడదీసేవాడు. ఆ సంగతి చెబితే తాత నా చేయి పట్టుకుని, మీ నాన్న ఎంత లోతుకు దిగేవాడు, బొగ్గు పొర ఎంత ఎత్తు ఉండేది, లోపల గాలి ఆడేదా అని వరసపెట్టి అడిగాడు. అప్పటిదాకా నాతో ముక్తసరిగా మాట్లాడిన మనిషి ఆయన.

ఆ డబ్బాలో ఉండేది బ్రెడ్డు, కేర్‌ఫిలీ చీజ్, ఇంట్లో చేసిన కేకు. కేర్‌ఫిలీ చీజ్ తెల్లగా ఉంటుంది, తడి ఆరదు, కొంచెం పులుపు, బాగా ఉప్పు. చెమటతో పోయిన ఉప్పు దీనితో తిరిగొస్తుందని గని కార్మికులు ఇష్టపడేవారంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాలను ప్రభుత్వం చెడ్డార్ తయారీకి మళ్ళించడంతో కేర్‌ఫిలీ తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత చాలాకాలం అది ఎక్కువగా ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ వైపు నుంచే వచ్చేది. వేల్స్ ఊరి పేరు పెట్టుకున్న చీజ్ ఇంగ్లండ్ నుంచి రావడం తాతకు ఇప్పటికీ బాధే.

కేకు అంటే వెల్ష్ కేకు. మైదాలో వెన్న గానీ పందికొవ్వు గానీ కలిపి, పంచదార, గుడ్డు, ఎండుద్రాక్ష, కాస్త జాజికాయ వేసి, గుండ్రంగా కోసి, మందపాటి ఇనుప పెనం మీద రెండువైపులా కాలుస్తారు. వేడిమీదే పంచదార చల్లుతారు. ఓవెన్‌తో పనిలేదు. గని కార్మికుడి ఇంటికి బొగ్గు వచ్చేది కాబట్టి పొయ్యి ఆరేది కాదు, పెనం దాని మీదే ఉండేది. మా కాలనీలో అమ్మ వండిందీ బొగ్గు పొయ్యి మీదే. ఆ పొగ గురించి నేనూ ఇక్కడి బామ్మలూ ఎంతసేపైనా మాట్లాడుకోగలం.

ఇక కౌల్ అనే మాంసపు చారు. గొర్రె మాంసం, బంగాళాదుంపలు, క్యారెట్, స్వీడ్ అనే పసుపు దుంప, చివర్లో ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు. కారం లేదు, తాలింపు లేదు, ఉప్పూ మిరియాలే. సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉడుకుతుంది. దుంపల తీపి, మాంసపు కొవ్వు, కాడల వాసన చారులోకి దిగడానికే అంతసేపు. కొన్నిచోట్ల ముందు చారు తాగి, మాంసం, దుంపలు తర్వాత వేరుగా తినేవారు. చెక్క గిన్నె, చెక్క చెంచా, పక్కన బ్రెడ్డు, చీజ్. రెండో రోజే అసలు రుచి అని ఏ బామ్మను అడిగినా చెబుతుంది, మన చేపల పులుసు లాగే. చలికి వేళ్ళు కొంకర్లు పోయే జనవరిలో నైట్ డ్యూటీ దిగి ఒక గిన్నెడు కౌల్ తాగితే అందులో మిరపకాయ ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది.

లోయ దిగి సముద్రం వైపు వెళితే తిండే మారిపోతుంది. స్వాన్సీ మార్కెట్ నడిమధ్యన కాకిల్స్ అమ్మే స్టాళ్ళుంటాయి. కాకిల్స్ అంటే గోరంత మాంసం ఉండే చిన్న గుల్లలు. గోవర్ ద్వీపకల్పానికి ఉత్తరపు ఒడ్డున పెన్‌క్లౌద్ అనే ఊరుంది. ఆ ఊరి ఆడవాళ్ళు ఆటు వేళకు గాడిదలను తోలుకుని బురద ఇసుకలోకి నడిచి, వంగి గీరి, జల్లెడ పట్టి, ఉడకబెట్టి, గంపల్లో స్వాన్సీకి మోసుకొచ్చేవారు. బూట్లు అరుగుతాయని వట్టికాళ్ళతో నడిచి, పట్నం దగ్గరపడ్డాక కాళ్ళు కడుక్కుని తొడుక్కునేవారు. ఇప్పుడు గాడిదలు లేవు కానీ అక్కడ కాకిల్స్ ఏరడం ఇంకా చేతిపనే, లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి.

అదే స్టాల్లో నల్లగా, ముద్దగా కనబడేది లేవర్‌బ్రెడ్. పేరులో బ్రెడ్డు ఉన్నా అది సముద్రపు నాచు. జపాన్ వాళ్ళ నోరి కూడా ఈ కోవదే. ఇసుక పోయేదాకా కడిగి, గంటలకొద్దీ ఉడికిస్తే ఆ ముద్ద వస్తుంది. దానికి ఓట్స్ కలిపి, బేకన్ అనే ఉప్పు పట్టించిన పందిమాంసం కొవ్వులో వేయించి, బేకన్, కాకిల్స్‌తో పొద్దున్నే తింటారు. నాచు వాసన మొదట గట్టిగా తగులుతుంది. నాకు ఇప్పుడు చాలా ఇష్టం. 2017లో దీనికి యూరోపియన్ యూనియన్ రక్షిత పేరు హోదా ఇచ్చింది.

మా బామ్మలు పళ్ళెంలో ఏదీ వదలరు. తిండి రేషన్ 1940 జనవరిలో మొదలై 1954 జులై దాకా సాగింది. వాళ్ళ బాల్యమంతా అందులోనే గడిచింది. టీ అయితే చాలాకాలం మనిషికి వారానికి 57 గ్రాములే, టీ రేషన్ 1952 దాకా ఉంది. యుద్ధంలో కూడా రేషన్ లేని బ్రెడ్డుకు యుద్ధం అయిపోయాక, 1946లో రేషన్ పెట్టారు. మిగిలిన ఎండు బ్రెడ్డును పొడిచేసి, చీజ్, లీక్ కలిపి వేయించే గ్లామోర్గన్ సాసేజ్ అలాంటి ఇళ్ళకు బాగా పనికొచ్చింది. అందులో మాంసం ఉండదు. మాతో పనిచేసే గుంటూరు అమ్మాయి శాకాహారి, ఇక్కడ ఆమె మొదట ఇష్టపడి తిన్న వంటకం అదే.

డిమెన్షియా ఉన్న ఒక బామ్మ పోయిన చలికాలంలో పెదవులు బిగించేసింది. పాస్తా, చికెన్, పుడ్డింగ్ ఏది పెట్టినా ముఖం తిప్పేసుకునేది. వాళ్ళ నాన్న గని కార్మికుడని, ఇంట్లో శనివారం కౌల్ వండేవారని కొడుకు చెప్పాడు. మింగడంలో ఇబ్బందులను కూడా చూసే స్పీచ్ థెరపిస్ట్ ఆమెకు లెవెల్ 4 రాశారు, అంటే అంతా మెత్తటి ప్యూరీగా ఉండాలి. పొడిగా రాలే వెల్ష్ కేకు ఆమెకు ఇవ్వకూడదు. మా వంటమనిషి కౌల్ వండి, మాంసం వేరు, దుంపలు వేరు, కాడలు వేరుగా మెత్తగా రుబ్బి, చారుతోనే జారు సరిచేసింది. బామ్మ తిన్నది, చెంచా కోసం నోరు తెరిచింది. నెల చివర తూకంలో బరువు నిలబడింది.

అప్పటిదాకా మా హోమ్‌లో కౌల్ మార్చి 1న, సెయింట్ డేవిడ్స్ డే నాడు మాత్రమే ఉండేది. మేమంతా కలిసి మేనేజర్‌తో మాట్లాడాం. ఇప్పుడు చలికాలమంతా వారానికోసారి మెనూలో ఉంటుంది. బుధవారం వండి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతారు. గురువారం మధ్యాహ్నం లోపలిదాకా 75 డిగ్రీలు వచ్చేలా వేడిచేసి, థర్మామీటర్ గుచ్చి చూసి, రికార్డు బుక్కులో రాసి వడ్డిస్తారు. రెండో రోజే పెట్టాలన్నది బామ్మల పట్టు.