గేటు లైటు

నిద్ర పట్టడం లేదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి గురించి పొద్దున్న ఎలక్ట్రీషియన్ అన్న మాటే చెవిలో ఉంది. "ఆ ఆర్‌సీసీబీ తీసేద్దామండి. వానొస్తే చాలు, ఇల్లంతా చీకటి. ఎంసీబీలున్నాయి కదండీ." దానికి ఈయన కూడా తలూపారు. అదే ఎక్కువ మండింది.

ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి. అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంట్లోంచి పదోవంతు ఆంపియరు పోయినా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదసలు లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ అయితే ఫేజు తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ తీగలో వెనక్కి వచ్చిందా అని చూస్తుంది. మనిషి ఒంట్లోంచో తడిలోంచో నేలకి పోయి 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, పడిపోయి కరెంటు ఆపేస్తుంది.

అమ్మమ్మగారింట్లో అప్పుడు ఎంసీబీలు కూడా లేవు, ఫ్యూజులే. శ్రావణమాసం ముసురు. పెరట్లో దండెం ఇనపతీగ, దాని మీదుగా మోటారు వైరు. ఎక్కడో పైతొడుగు చిట్లింది. పిన్ని తడిచీర ఆరేస్తూ అలాగే నిలబడిపోయింది. అరవలేదు. పిలిస్తే పలకలేదు. తాతయ్య వసారాలోంచి పొడి రోకలి తెచ్చి ఆవిడ చేతి మీద కొట్టారు. అరచేతిలో తీగంత తెల్లటి గీత ఇప్పటికీ ఉంది. చెప్పులు లేకుండా దండెం ముట్టదు.

సాయంత్రం నేనే అన్ని ఎంసీబీలూ దించి, ఒక్కొక్కటే పైకెత్తాను. బయట లైట్లది ఎత్తగానే ఆర్‌సీసీబీ టక్‌మని పడింది. గేటు లైటు విప్పిస్తే లోపల వాననీళ్లు, చీమలు! ఊరికే పడలేదన్నమాట. అప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అయినా ఎలక్ట్రీషియన్ మాటా పూర్తిగా కొట్టెయ్యలేను. గేటు లైటు తడిస్తే మామయ్యగారు అర్ధరాత్రి చీకట్లో తడుముకుంటూ బాత్రూముకి వెళ్లాలా? ఇంటికంతటికీ ఒక్కటే ఆర్‌సీసీబీ పెట్టడం తప్పు. పొద్దున్న నేనూ ఆ ఒక్కదాన్ని ఉంచాలనే పట్టుబట్టాను. బయట లైట్లు, మోటారు, గీజరు ఒకదాని మీద, గదులూ ఫ్రిజ్జూ ఇంకోదాని మీద పెట్టించాలి. రెండింటి న్యూట్రళ్లూ ఎక్కడా కలవకూడదు. కలిపారంటే వెళ్లినదానికీ వచ్చినదానికీ లెక్క తప్పి ఇక రోజూ ఇదే గోల.

గీజరు ప్లగ్గు సంగతి వేరే. సాకెట్ మూల గోధుమరంగుకి తిరిగింది, కమురు వాసన. లోపల స్క్రూ వదులైతే అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి. వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీకి తెలియదు, ఎక్కువేమీ లాగదు కాబట్టి ఎంసీబీకీ తెలియదు. ఆర్క్ అనే అలాంటి నిప్పురవ్వల్ని పట్టే బ్రేకర్లు వేరే ఉన్నాయి. అమెరికా వైరింగు నియమాల్లో పడగ్గది ప్లగ్గులకి 2002 నుంచే తప్పనిసరి. మా షాపులో అడిగితే పేరే వినలేదన్నాడు. సాకెట్ మార్పించి, స్క్రూలన్నీ నా కళ్లముందే బిగించమంటాను.

ఎలక్ట్రీషియన్ రేపు పదింటికి వస్తానన్నాడు. ఆర్‌సీసీబీల టెస్ట్ బటన్ నేనే నొక్కి, పడుతున్నాయో లేదో చూశాకే డబ్బులు. ఈలోగా దండెం తీగ తీసేసి నైలాన్ తాడు కట్టాలి.