ముందు స్కేలు, తర్వాతే అక్షరం

పాత టైపు కాగితం అసలుదా, నిన్నగాక మొన్న పుట్టించిందా అని తగాదా వస్తే అందరి కళ్లూ ముందు అక్షరాల ఒంపుసొంపుల మీదికే పోతాయి. నన్నడిగితే అవి చివర్న చూడాల్సినవి. మామూలు టైప్‌రైటర్‌లో కీ నొక్కినప్పుడల్లా కాగితాన్ని మోసే క్యారేజీ పళ్లచక్రంలో ఒక పన్ను మేరకే జరుగుతుంది, అంతకు మించి కదలదు. ముందు ఆ దూరం కొలవాలి.

మామూలు మెషీన్లలో ఎక్కువగా కనిపించేవి రెండే కొలతలు. పైకా అయితే అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్ అయితే 12. ఒక్క అక్షరం కొలిస్తే ఏమీ తేలదు. ఖాళీలతో కలిపి 50 లెక్కపెట్టి కొలవండి: పైకాకి 127 మిల్లీమీటర్లు, ఎలీట్‌కి దాదాపు 106 వస్తుంది. సన్నటి ఐ అయినా వెడల్పాటి ఎమ్ అయినా అదే జాగా. లైన్లేమో అంగుళానికి 6, అంటే లైనుకి 4.23 మి.మీ., 20 లైన్లు దిగితే 84.7.

దొంగ కాగితం తయారుచేసేవాడు బోల్తా పడేది ఈ నిలువు కొలత దగ్గరే. కంప్యూటర్‌లో కొరియర్ న్యూ ఫాంటు 12 పాయింట్లు పెడితే అడ్డకొలత అచ్చంగా పైకాకి సరిపోతుంది, చూడ్డానికీ టైపులాగే ఉంటుంది. కానీ వర్డ్‌లో సింగిల్ స్పేసింగ్ పెట్టినా లైనుకి 4.8 మి.మీ. దాకా పోతుంది. 20 లైన్లకి 96. సెంటీమీటరు పైనే తేడా, బడిపిల్లల స్కేలు చాలు పట్టుకోడానికి.

చేతిలో ఉన్నది జిరాక్స్ అయితే ఈ అంకెలు నమ్మొద్దు, అది కొంచెం పెంచో తగ్గించో ఉంటుంది. అప్పుడు అక్షరం అడ్డకొలతని లైను నిలువుకొలతతో భాగించండి. పైకాకి 0.60, కొరియర్ న్యూకి 0.53. పెంచినా తగ్గించినా ఈ నిష్పత్తి మారదు. ఫ్యాక్స్ అయితే మాత్రం ఇదీ పనికిరాదు, కాగితం లాగేటప్పుడు నిలువు సాగిపోతుంది.

ఫాంటు మీద పెద్ద రచ్చ జరిగింది అమెరికాలో, 2004లో. అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ నేషనల్ గార్డ్ (రిజర్వు సైన్యం) కొలువు గురించి ఆయన కమాండర్ జెర్రీ కిలియన్ 1972–73లో రాసినవంటూ సీబీఎస్ టీవీ ఛానల్ సెప్టెంబర్ 8న కొన్ని మెమోలు చూపించింది. కిలియన్ 1984లోనే పోయారు. ఛానల్ దగ్గర ఉన్నవి నకళ్లే. బుష్ దళం నంబరు 111 పక్కన టీహెచ్ చిన్నగా, పైకెక్కి ఉందని, అప్పటి టైప్‌రైటర్‌కి అది చేతకాదని జనం ఎగబడ్డారు. అది బలహీనమైన వాదన. కొన్ని మెషీన్లలో టీహెచ్‌కి విడిగా కీ ఉండేది. బుష్ అసలు రికార్డుల్లోనే అలా కొట్టిన కాగితాలున్నాయి.

బలమైన సాక్ష్యం వెడల్పుల్లో ఉంది. మెమోల్లో ఐకి తక్కువ జాగా, ఎమ్‌కి ఎక్కువ జాగా. ఐబీఎం ఎగ్జిక్యూటివ్ అనే టైప్‌రైటర్ ఆ పని చేసేది, కానీ దాని లెక్క మొరటు: ఐకి 2 యూనిట్లు, ఎమ్‌కి 5, మిగతావన్నీ ఆ మధ్యలో సర్దుకోవాల్సిందే. వర్డ్‌లో అప్పట్లో దానంతటదే వచ్చే టైమ్స్ న్యూ రోమన్ ఫాంటులోని సన్నసన్న తేడాలు అందులో పలకవు. 1966 నాటి సెలెక్ట్రిక్ కంపోజర్ ఇంకాస్త దగ్గరికి వస్తుంది గానీ అది అచ్చుపనికి చేసిన యంత్రం, దాని మీద ఆఫీసు మెమో కొట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఇటు వర్డ్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకుండా 1973 ఆగస్టు 18 తేదీ మెమోని కొట్టి పైన పరిస్తే, లైన్లు అవే మాటల దగ్గర విరిగాయి, అక్షరం మీద అక్షరం కూర్చుంది. సెప్టెంబర్ 20న సీబీఎస్ ఆ మెమోలకి తాము పూచీ పడలేమని ఒప్పుకుంది.

మన కోర్టుల్లో ఎక్కువగా గొడవ పడేది మొత్తం దొంగ కాగితం గురించి కాదు, సంతకాలయ్యాక అగ్రిమెంటులో ఇరికించిన ఒక లైనో, పక్కన చేర్చిన ఒక సున్నానో. ఒకసారి రోలర్ నుంచి తీసిన కాగితాన్ని మళ్లీ ఎక్కిస్తే పాత గళ్లలోకి అది రాదు. అక్షరాల కొలతకి గళ్లు గీసిన పారదర్శక రేకు పేజీ మీద పరిచి మొదటి పేరాకి సరిచేయండి. అనుమానపు మాట గడి గీత మీదకి ఎక్కినా, లైను వెంట్రుకవాసి వాలినా దొరికిపోతుంది. కాగితం వెనక వేలితో తడమండి. ఫుల్‌స్టాపులు గుచ్చుకున్నట్టు తగలాలి. లేజర్ ప్రింట్‌లో ఆ గుచ్చుడు ఉండదు, పేజీలోని పది ‘ఏ’ అక్షరాలూ కవలల్లా ఉంటాయి. టైపులో ఒకటి నల్లగా, ఒకటి వెలవెలగా, ఇంకోటి మట్టి పట్టి కడుపు నిండి ఉంటుంది.

తెలుగు టైపులో చూడాల్సింది వత్తు. దాని కడ్డీ ఎప్పుడూ ఒకే ఎత్తులో కొడుతుంది, పై అక్షరాన్ని బట్టి సర్దుకోవడం దానికి రాదు. వత్తులు ఎక్కడికక్కడ ఒద్దికగా కూర్చుంటే కంప్యూటర్‌ని అనుమానించండి. గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, రూపాయి గుర్తు 2010 జులైలో. 1998 తేదీ వేసిన కాగితంలో ఇవి కనిపిస్తే ఇంక కొలతలతో పనే లేదు.

టైపు నిపుణుడి అభిప్రాయం సాక్ష్యచట్టం 45వ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 1952లో అంది, 1996లో వస్తుందని తేల్చింది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్. అయితే నిపుణుడు ఫలానా మెషీనే అని చెప్పాలంటే నమూనా కావాలి: ఆ మెషీన్ మీదే అన్ని కీలూ, షిఫ్ట్‌తోనూ లేకుండానూ, మెల్లగా, మామూలుగా, గట్టిగా, అనుమానపు పాఠం మూడుసార్లు, రిబ్బను తీసేసి కార్బన్ మీద ఒకసారి. అరిగిన అక్షరం కాలు, పక్కకి వాలిన ఆర్, ఎత్తు తప్పిన క్యాపిటల్స్, గుర్తు చెప్పేవి ఇవే. అరుగుదల ఏళ్లతో మారుతుంది కాబట్టి వివాదం తేదీకి అటూఇటూ అదే మెషీన్ మీద కొట్టిన పాత ఉత్తరాలు దొరికితే ఇంకా మేలు. అక్షరాలన్నీ ఒక బంతి మీదే ఉండే సెలెక్ట్రిక్ మెషీన్ అయితే బంతిని కూడా స్వాధీనం చేసుకోవాలి, అక్షరాల లోపాలుండేది దాని మీదే. నమూనా తీసేదాకా మెషీన్‌ని తుడవనివ్వకండి, రిపేరుకి అసలే పంపకండి.